ఆగ్నేయం మూల గది

గురువారం ఉదయం ఆరున్నరకు తెనాలిలో బసవేశ్వరరావు ఇంట్లో, వంటింటి పక్క గదిలో ఏసీ ఆగిపోయింది. ఆ సమయానికి ఆయన కోడలు ప్రశాంతి కొబ్బరి చట్నీకి పోపు పెడుతోంది.

ఆ గదిని ఇంట్లోవాళ్లు సామాన్ల గది అంటారు. బయటివాళ్లు వచ్చినప్పుడు ప్రశాంతి భర్త గిరీష్ సర్వర్ రూమ్ అంటాడు. ఒక గోడ వెంట బియ్యం బస్తాలు, ఊరగాయ జాడీలు ఉంటాయి. ఎదురు గోడకు ఇనప ర్యాకు, అందులో సర్వర్లు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఆ కుటుంబానికి ఉన్న మూడు స్కానింగ్ సెంటర్లలో తీసిన ప్రతి స్కానూ ఈ ర్యాకులోకే వచ్చి చేరుతుంది. గుంటూరులో ఉన్న డాక్టరు ఇందులోంచే తెరిచి చూసి రిపోర్టు రాస్తాడు. గది వేడెక్కితే పెట్టెలు వాటంతట అవే ఆగిపోతాయి. అవి ఆగితే మూడు ఊళ్లలోనూ పేషెంట్లు బల్లల మీద ఎదురుచూస్తూ కూర్చుంటారు.

పెట్టెల బీప్ వినపడగానే ప్రశాంతి మూకుడు అలాగే వదిలేసి వెళ్లింది. కరెంటు బోర్డులో ఎంసీబీ స్విచ్చు పడిపోయి ఉంది. పైకి లేపింది. ఏసీ మళ్లీ మొదలైంది. వేడి తగ్గేదాకా తలుపు దగ్గరే నిలబడింది. ఈలోగా రేపల్లె సెంటర్ నుంచి సింధు ఫోన్ చేసింది. సింధు అక్కడ టెక్నీషియన్.

"అక్కా, పేషెంటు మిషన్లో ఉన్నాడండి. ఇమేజెస్ కదలట్లేదు."

"ఐదు నిమిషాలు. దింపొద్దు."

"సరేనక్కా. ఏదో చిటపటలాడుతోంది, పెట్టెలేనా?"

"పోపు."

"అమ్మయ్య," అంది సింధు.

వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి కట్టేసి ఉంది. అత్తగారు వెంకటరత్నమ్మ మూకుడు సింకులో పెడుతోంది. "మాడ్చావు. ఆ పెట్టెలు కూస్తే పరిగెత్తుతావు. పొయ్యి మీదది మాత్రం నీకు గుర్తుండదు," అంది. పడగ్గదిలోంచి గిరీష్ గొంతు వినిపించింది. "ఏమైంది?"

"ఎంసీబీ పడిందండి. లేపాను."

"అంతేనా," అన్నాడు గిరీష్. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

అంతేనా అన్న మాట ప్రశాంతి పద్దెనిమిదేళ్లుగా వింటోంది. బాపట్లలో ఇంజనీరింగ్ చదివి, విజయవాడలో ఒక ఆఫీసులో రెండేళ్లు చేసి, పెళ్లై ఈ ఇంటికి వచ్చింది. అప్పటికి ఉన్నది తెనాలి సెంటర్ ఒక్కటే. కంప్యూటర్లు పాడైతే విజయవాడ నుంచి ఒక ఇంజనీరు వచ్చేవాడు. ఒక తుఫానులో రోడ్లు మూసేస్తే అతను రాలేకపోయాడు. ప్రశాంతి చూసి బాగుచేసింది. వర్షం తగ్గాక మావగారు ఆ ఇంజనీరును మాన్పించేశాడు. "ఇంట్లో ఇంజనీరుండగా బయటివాడెందుకు?" అన్నాడు. ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు, ఆమె మెచ్చుకోలుగానే తీసుకుంది. కొన్నాళ్లకు జీతం సంగతి అడిగింది. "ఇల్లే నీదైతే నీకు జీతమేంటి?" అన్నాడు గిరీష్. తర్వాత బాపట్ల సెంటర్ వచ్చింది, రేపల్లె సెంటర్ వచ్చింది. ర్యాకులో పెట్టెలు పెరిగాయి. గదిని ఎంచింది సిద్ధాంతి. కరెంటు, వేడి ఉన్న వస్తువు ఆగ్నేయంలోనే ఉండాలన్నాడు. ఆగ్నేయంలో వంటిల్లు ఉంది కాబట్టి దాని పక్క గది మిగిలింది. పోపు పొగ ఆ గదిలోకి పోయి సర్వర్ల ఫ్యాన్లకు జిడ్డులా పట్టేది. పెట్టెలు మార్చరు, వంట మానరు. కాబట్టి జిడ్డు తుడిచే పని ఒకటి కొత్తగా పుట్టింది. అది ఎవరి పని అని ఎవరూ అడగలేదు, ప్రశాంతి కూడా అడగలేదు.

సింధు ఉద్యోగంలో చేరేముందే ఆదివారం రానని చెప్పింది. వాళ్లది రేపల్లె పక్క పల్లెలో లూథరన్ కుటుంబం. చర్చిలో పాటల బృందంలో పాడుతుంది. "ఆదివారం నేను దేవుడి దగ్గర డ్యూటీనండి," అని గిరీష్ మొహం మీదే అంటే అతను నవ్వి ఒప్పుకున్నాడు. సాయంత్రం ఆరింటికి సింధు ఇంటికి బస్సెక్కుతుంది. బస్సెక్కాక ఫోన్ చేస్తే "డ్యూటీ దిగిపోయాను సార్, రేపు చూస్తాను" అంటుంది. ప్రశాంతికి దిగిపోయే చోటు లేదు. కూతురు శ్రావ్య గుంటూరు హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. పేరెంట్స్ మీటింగుకు నాన్ననే పంపమని చెప్పింది. "నువ్వొస్తే మా మేడమ్ మాట్లాడుతున్నంతసేపూ ఫోన్ చూస్తావమ్మా. ఆవిడ నన్నడుగుతుంది, మీ అమ్మకేమైనా కంగారా అని."

ఆ వేసవిలో ఒక ఆస్పత్రుల గ్రూపు తమ స్కాన్లన్నీ వీళ్ల దగ్గరే దాస్తామని ముందుకొచ్చింది. షరతు ఒక్కటే. పెట్టెలు ఊరగాయ జాడీల పక్కన ఉండకూడదు. రెండు కరెంటు లైన్లు, జనరేటర్, మంటలార్పే ఏర్పాటు, ఎప్పుడూ ఒక మనిషి ఉండే చోటు కావాలి. అలాంటి గది ఇంటి వెనక ఖాళీ స్థలంలో కట్టాలి, లేదంటే కట్టి అద్దెకిచ్చేవాళ్ల దగ్గర ర్యాకు తీసుకోవాలి. అలాంటిది మంగళగిరి దగ్గర ఒకటుంది.

బసవేశ్వరరావుకు అద్దె అన్న మాటే గిట్టలేదు. ఆ కుటుంబానికి తాతల నాటి నుంచి మాగాణి ఉంది. "మనం కౌలుకిచ్చినోళ్లం. తీసుకున్నోళ్లం కాదు," అన్నాడు. "ఇంకొకడి గదిలో మన పెట్టెలు పెట్టుకుని వాడి గుమ్మం దగ్గర నిలబడాలా? ఊళ్లో అడిగితే ఏమని చెప్పను, బసవేశ్వరరావు అద్దెకుంటున్నాడనా?"

"చూసొస్తే పోయేదేముంది నాన్నా," అన్నాడు గిరీష్. ప్రశాంతిని కూడా తీసుకెళ్లాడు. ఆమె ఎందుకని వెంకటరత్నమ్మ అడిగింది. వాళ్లు చెప్పేది అర్థం చేసుకోవడానికి అన్నాడు.

మంగళగిరిలో వాళ్లకు చూపించిన మనిషి జ్ఞానానందం. బాపట్ల వాడు, టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరై ఇక్కడ మేనేజరుగా చేరాడు. హాల్లో వరసలుగా ర్యాకులు, ఒక్కో ర్యాకుకు ఒక్కో తాళం. గిరీష్ డీజిల్ ఎన్నాళ్లకు సరిపడా ఉంటుందని అడిగాడు. తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగాడు. ప్రశాంతి హాలు బయట గాజు గదిలో ఉన్న కుర్చీని చూస్తోంది. అందులో ఒకామె కూర్చుని తెరల వైపు చూస్తోంది. పక్కన టిఫిన్ బాక్సు ఉంది. రెండు గంటలకు ఒకతను వచ్చాడు. ఆమె అతనికి నాలుగు మాటలు చెప్పింది. లేచి టిఫిన్ బాక్సు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. లోపల పెట్టెలు నడుస్తూనే ఉన్నాయి.

"ఆవిడ ఎక్కడికి వెళ్తున్నారండి?" అని అడిగింది ప్రశాంతి.

జ్ఞానానందానికి ప్రశ్న అర్థం కాలేదు. "ఇంటికమ్మా. షిఫ్టు అయిపోయింది," అన్నాడు.

"మళ్లీ పిలిస్తే?"

"ఎందుకు పిలుస్తామమ్మా, ఇతనున్నాడుగా?" అని, గిరీష్ వైపు తిరిగాడు. "మనుషులే దొరకడం లేదండి. పొద్దున షిఫ్టుకు ఇంకొకళ్లు కావాలి మాకు. మరి మీరు సొంతంగా కడితే రాత్రిళ్లు ఎవరుంటారు?"

"మాకా ఇబ్బంది లేదండి. ఈవిడ ఇంట్లోనే ఉంటుంది."

"ఈవిడ పడుకుంటే?"

"లేపుతాం," అని గిరీష్ నవ్వాడు. జ్ఞానానందం నవ్వలేదు. వచ్చేటప్పుడు కార్లో గిరీష్ ఆ మేనేజర్‌కు మాట్లాడటం రాదన్నాడు.

ప్లాన్ పది రోజుల్లో వచ్చింది. భోజనాల బల్ల మీద పళ్లేలు పక్కకు జరిపి పరిచారు. సిద్ధాంతి ముందే చూసి ఒప్పుకున్నాడు. కొత్త గది కూడా ఆగ్నేయంలోనే, వంటింటి వెనక గోడకు ఆనుకుని ఉంది. ఆ గోడలో, పొయ్యి గట్టుకు పైన, ఒక చతురస్రం గీసి ఉంది.

"ఇదేంటి?" అంది ప్రశాంతి.

"అద్దం కిటికీ. నీకోసమే," అన్నాడు గిరీష్. "వంట చేసుకుంటూనే లైట్లు చూసుకోవచ్చు. ఎర్ర లైటు వెలిగిందా, పక్కనే తలుపు. రెండడుగులు. ప్లాన్ గీసినాయన అక్కర్లేదన్నాడు. నేనే పట్టుబట్టి పెట్టించాను."

"అంత ముందుచూపున్న మొగుడు ఎంతమందికున్నాడు?" అంది వెంకటరత్నమ్మ.

ప్రశాంతి ఆ చతురస్రం మీద వేలు పెట్టి చూసింది. ఆ గదిలో కుర్చీ ఎక్కడా గీయలేదు. మంగళగిరిలో కుర్చీ గాజు గదిలో ఉంది, దానికో తలుపు ఉంది, ఆ తలుపు బయటికి ఉంది. ఇక్కడ కుర్చీ స్థానంలో గ్యాస్ పొయ్యి ఉంది. ఆమెకు కర్లపాలెంలో నాన్న పెద్దకర్మ గుర్తొచ్చింది. ఆ రోజు విస్తళ్లు వేస్తుండగా గిరీష్ ఫోన్ చేశాడు. గది వేడెక్కుతోందన్నాడు. ఎడమ వైపు బోర్డులో కింది వరసలో కిందికి పడి ఉన్నదాన్ని పైకి లేపమని ఆమె చెప్పింది. "ఏమో, అన్నీ ఒకలాగే ఉన్నాయి. తప్పుది లేపితే మొత్తం పోతుంది. నువ్వొస్తేనే నయం," అన్నాడు. మావగారు ఇంట్లో ఉన్నారు. అత్తగారు ఉన్నారు. ముగ్గురూ ఆ బోర్డు ముందే ఉన్నారు. ఆమె అన్నయ్య తినకుండా వెళ్లొద్దన్నాడు. ఆమె తినకుండానే ఆటోలో బాపట్ల వచ్చి రైలెక్కింది. కర్మ జరిగిన ఇంటి నుంచి వస్తే తలస్నానం చేయకుండా గుమ్మం దాటనివ్వదు వెంకటరత్నమ్మ. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా సడలించింది లేదు. ఆ రోజు గుమ్మంలో ఎదురొచ్చి, చేతిలో సంచి అందుకుని, "స్నానం తర్వాత చేద్దువుగాని, ముందా గదిలోకి వెళ్లు," అంది. ప్రశాంతి వెళ్లి ఎంసీబీ పైకి లేపింది. అంతేనా అన్నాడు గిరీష్. ఆ తర్వాత దొడ్లో కుళాయి కింద స్నానం చేస్తూ ఆమె చాలాసేపు ఒకే సంగతి ఆలోచించింది. చావు మైలను కూడా పక్కన పెట్టగలిగిన మనుషులు ఒక స్విచ్చు మీద వేలు పెట్టలేకపోయారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తేల్చేద్దామన్నాడు బసవేశ్వరరావు. మగవాళ్లిద్దరూ కూర్చున్నారు. వెంకటరత్నమ్మ పప్పు వడ్డిస్తోంది. ప్రశాంతి నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడింది.

"చెప్పమ్మా. కడితే ఎట్లా, అద్దెకుంటే ఎట్లా?"

"అద్దెకైతే గది, కరెంటు, ఏసీలు, మనుషులు వాళ్లవి మావయ్యగారూ. పెట్టెలొక్కటే మనవి. కడితే అన్నీ మనవే. కట్టడం కష్టం కాదండి. కట్టాక లోపల ఎవరుంటారన్నదే అసలు సంగతి. మూడు షిఫ్టులకు ముగ్గురు కావాలి. వాళ్ల సెలవులకు ఇంకొకరు."

"నలుగురా?"

"నలుగురండి."

"ఇప్పుడెంతమందున్నారు?"

"ఇప్పుడెవరూ లేరుగా," అన్నాడు గిరీష్, అన్నం కలుపుతూ. "అయినా నడుస్తోందిగా. కాస్త నెయ్యి వెయ్యి."

ప్రశాంతి నెయ్యి వేసింది.

"ఇంటి మనిషిని లెక్కలో వేసుకుంటారా ఎక్కడన్నా?" అన్నాడు బసవేశ్వరరావు. "ఆ నలుగురి మాట తీసేసి చెప్పు. అప్పుడేది మేలు?"

ఆమె నెయ్యి గిన్నె బల్ల మీద పెట్టింది. అబద్ధం చెప్పవచ్చు. మంగళగిరిలో అది బావుంటుంది, ఇది బావుంటుంది అని చెప్పవచ్చు. వాళ్లు ఒక్కొక్కటీ కొట్టేస్తారు. చివరికి నీకు పని బరువైందా అని అడుగుతారు. అవునంటే బద్ధకస్తురాలు, కాదంటే ఇంకేమిటి బాధ. ఈ ప్రశ్న అడిగింది లెక్క కోసం కాదని, ఒప్పుదల కోసమని ఆమెకు తెలుసు. ఆయన అడిగిన దానికి ఆయన అడిగినట్టే జవాబు చెప్పింది.

"ఆ నలుగురి మాట తీసేస్తే కట్టుకోవడమే మేలండి."

"అదీ," అన్నాడు బసవేశ్వరరావు. కొడుకు వైపు చూశాడు. "నేను చెప్పలా?"

వాళ్లు చేతులు కడుక్కున్నాక ప్రశాంతి అన్నం తింది. సోమవారం పొద్దున జ్ఞానానందానికి ఫోన్ చేసింది. పొద్దున షిఫ్టు ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉందా అని అడిగింది. ఉందన్నాడు. బుధవారం రమ్మన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి దుగ్గిరాల మీదుగా వెళ్లే బస్సెక్కింది.

"ఇన్నాళ్లూ ఎక్కడ చేశారమ్మా?"

"మా ఇంట్లోనండి."

"ఏ షిఫ్టు?"

"షిఫ్టంటూ లేదండి."

"మీ పైన ఎవరుండేవారు?"

ప్రశాంతి ఆలోచించింది. "మా అత్తగారండి."

జ్ఞానానందం ఈసారి నవ్వాడు. తర్వాత చాలాసేపు పని గురించే మాట్లాడారు. వచ్చేటప్పుడు అతను తలుపు దాకా వచ్చాడు. "ఆ రోజు మీవారు లేపుతామన్నారు. ఇక్కడ షిఫ్టులో కునుకు తీస్తే ఉద్యోగం పోతుందమ్మా. షిఫ్టయ్యాక మాత్రం ఎవ్వరూ లేపరు. ఒకటో తారీకు చేరండి."

వెనక స్థలంలో భూమిపూజ ఆ శుక్రవారం జరిగింది. ప్రశాంతి గిరీష్ పక్కన పీటల మీద కూర్చుంది. ఆగ్నేయం మూల గునపం దింపించారు. సాయంత్రం వెంకటరత్నమ్మ హాల్లో చిక్కుళ్లు ఒలుస్తుంటే, మగవాళ్లిద్దరూ టీ తాగుతుంటే, ప్రశాంతి చెప్పింది. ఒకటో తారీకు నుంచి మంగళగిరిలో ఉద్యోగం, పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అంది.

వెంకటరత్నమ్మ చేతిలో చిక్కుడుకాయ పళ్లెంలో పడేసింది.

"అక్కడ చేసేదేంటి?" అంది వెంకటరత్నమ్మ.

"ఇక్కడ చేసేదే అత్తయ్యా."

"ఇదే పని పరాయివాళ్లకు చేస్తావా? పెట్టెలకు కాపలా? ఇక్కడ చేస్తే నీ చేతులేమైనా అరిగిపోయాయా?"

"ఇక్కడ అయిపోదండి. అక్కడ రెండింటికి అయిపోతుంది."

"పూజ చేసిన రోజే చెప్పాలా ఈ మాట?" అన్నాడు బసవేశ్వరరావు. "నలుగురు కావాలన్నావు. వద్దన్నందుకా ఇది?"

"వద్దని మీరనలేదండి. ఆ మాట తీసేయమన్నారు. తీసేశాను."

గిరీష్ కప్పు కింద పెట్టాడు. "నన్నొక్క మాటడిగావా? ఈ ఇంట్లో నీకేం తక్కువైంది? తిండా, బట్టా? నా మొహాన ఆ మేనేజర్ నవ్వడూ? మీ ఆవిడ మా దగ్గర కూలికొచ్చిందని చెప్పుకోడూ?"

"ఒకటో తారీకు దాకా మూడు వారాలుంది. ఏది నొక్కాలో మీకు నేర్పుతాను. రేపు పొద్దున నుంచి మొదలెడదాం."

"నాకు నువ్వు నేర్పుతావా?" అన్నాడు గిరీష్. అయినా వచ్చాడు. రెండు రోజులు పొద్దున్నే ర్యాకు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడో రోజు పొద్దున వాకింగుకు వెళ్లిపోయాడు. రేపల్లె నుంచి సింధును పిలిపించాడు. సింధు గుమ్మంలోనే షరతులు చెప్పింది. ఆదివారం రాదు, ఆరింటికి బస్సెక్కుతుంది, ఈ ఇంట్లో పడుకోదు. "మరి రాత్రి ఆగిపోతే?" అన్నాడు గిరీష్. "అక్క నిద్రపోయేది కాదేమోగానీ నేను మొద్దులా నిద్రపోతానండి," అంది సింధు.

పేపర్లో ప్రకటన వేశారు. ఒక కుర్రాడు వచ్చాడు. ప్లాన్ చూసి అద్దం మీద వేలు పెట్టాడు. "ఇటు నుంచి చూసేది ఎవరు సార్?"

"ఆపరేటర్. అంటే నువ్వే."

"ఇటు వంటిల్లని రాసుంది సార్."

గిరీష్ ప్లాన్ తనవైపు తిప్పుకున్నాడు. "నేను వంటింట్లో కూర్చోవాలాండి?" అని ఆ కుర్రాడు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం గిరీష్ ప్లాన్ చుట్టి బీరువా పైన పెట్టాడు.

ఒకటో తారీకు ప్రశాంతి తెల్లవారకముందే బస్సెక్కింది. ఇంట్లో వంటకు మనిషిని పెట్టారు. ఆమె మొదటి రోజే జీతం మాట్లాడుకుంది, ఆదివారం సెలవు అడిగింది. వెంకటరత్నమ్మ రెండూ ఒప్పుకుంది. ప్రశాంతికి ఆ సంగతి ఆమే చెప్పింది. "రోజులట్లా ఉన్నాయి. జీతమివ్వకుండా ఎవరు చేస్తారు?" అంది. తర్వాత టీవీ పెట్టుకుంది.

గాజు గదిలో ఫోన్లు లాకరులో పెట్టాలన్నది నియమం. మొదటి రోజుల్లో ప్రశాంతి చేయి ఫోన్ కోసం నడుము దగ్గరికి అలవాటుగా పోయేది, ఏమీ తగిలేది కాదు. రెండు గంటలకు వచ్చే ఆమె పేరు ప్రేమకుమారి. ఆ రోజు కుర్చీలోంచి లేచి వెళ్లిన మనిషి ఈమే. షిఫ్టు మారింది. వేటపాలెం ఆమె. వాళ్లమ్మ జీడిపప్పు ఒలిచే చోట పనిచేసేది. "సైరన్ కూత వేస్తే చేతిలో గింజ అక్కడే పడేసి లేచొచ్చేది మా అమ్మ. నేనూ అంతేనండి. మీరేంటి, టైమయినా లేవరు?" అంది మొదటి వారం. నిజంగానే ప్రశాంతి రెండు దాటాక కూడా కూర్చునే ఉంది. ప్రేమకుమారి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "లేవండి. నాక్కూడా జీతమిస్తున్నారు," అంది.

మూడో వారంలో తెనాలిలో ఏసీ ఆగింది. వెంకటరత్నమ్మ హాల్లో ఉంది. బీప్ వినిపించిందని, ఎవరో ఒకరు చూస్తారనుకున్నానని ఆమె తర్వాత చెప్పింది. వంటమనిషి అది కుక్కరనుకుంది. గిరీష్ ప్రశాంతికి ఫోన్ చేశాడు. ఫోన్ లాకరులో ఉంది. అతను మూడు ఎంసీబీలు దించి నాలుగు లేపాడు. యూపీఎస్ కూడా ఆగిపోయింది. రేపల్లెలో పేషెంట్లను బల్ల మీద నుంచి దింపి ఇళ్లకు పంపేశారు. బాపట్లలో మధ్యాహ్నానికి సెంటర్ మూసేశారు. ఆస్పత్రుల గ్రూపు వాళ్లు ఆ వారమే మాట ఖరాఖండిగా చెప్పారు. నెలాఖరులోపు సరైన చోటు, లేదంటే ఒప్పందం లేదు. వెనక స్థలంలో పునాది గుంటల్లో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి.

గిరీష్ మంగళగిరి వెళ్లి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అది ఆదివారం. ప్రశాంతి వారపు సెలవు ఆదివారమే. ఆ రోజు ఆమె గుంటూరులో శ్రావ్య హాస్టల్లో పేరెంట్స్ మీటింగులో ఉంది. తెనాలి నుంచి పెట్టెలు వ్యానులో వెళ్లాయి. సామాన్ల గదిలో మళ్లీ బియ్యం బస్తాలొచ్చాయి. బసవేశ్వరరావు ఊళ్లో అద్దె మాట ఎత్తడం లేదు. "మన డేటా సెంటర్ మంగళగిరిలో ఉంది," అంటున్నాడు.

శ్రావణంలో ఒక బుధవారం మధ్యాహ్నం, షిఫ్టు ఇంకాసేపట్లో ముగుస్తుందనగా, గాజు గదిలో కస్టమర్ల ఫోన్ మోగింది.

"నమస్కారమండి. ప్రశాంతి మాట్లాడుతున్నాను. చెప్పండి."

"నేనే," అన్నాడు గిరీష్.

"ర్యాకు నంబరు చెప్పండి."

"ప్రశాంతీ, నేనే. రేపల్లె నుంచి ఇమేజెస్ రావట్లేదంట. చూడు."

"చూస్తానండి. నంబరు లేకుండా నేను తెరవకూడదు. మీకిచ్చిన కార్డు మీద ఉంటుంది. లైన్లో ఉంటాను."

సొరుగు లాగిన చప్పుడు వినపడింది. కాగితాలు తీసి పెడుతున్న చప్పుడు. వెనక నుంచి వెంకటరత్నమ్మ గొంతు వచ్చింది. "ఏమంటోంది? ఒకసారి రమ్మనరాదూ?"

"ఉండమ్మా," అన్నాడు గిరీష్. తర్వాత నంబరు ఒక్కో అంకె చదివాడు. ప్రశాంతి ఒక్కో అంకె తిరిగి చెప్పింది. తెరలో చూసింది. రేపల్లె నుంచి వచ్చే లైను ఒకటి ఆగి ఉంది. రెండో లైనులోకి మార్చింది.

"ఇప్పుడు చూడమనండి."

అతను ఇంకో ఫోన్లో సింధును అడిగాడు. "వస్తున్నాయంట," అన్నాడు. "అంతేనా?"

"అంతేనండి. ఇంకేమైనా ఉందాండి?"

ఆమె నియమం ప్రకారం అతను పెట్టేసేదాకా ఆగింది. ఫోన్ పెట్టేశాడు.

రెండు గంటలకు ప్రేమకుమారి వచ్చింది. రేపల్లె లైను రెండోదాని మీద నడుస్తోందని, మొదటిదాన్ని సాయంత్రంలోగా బాగుచేస్తామన్నారని, మిగతావన్నీ మామూలేనని ప్రశాంతి చెప్పింది. తెరల మీద లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. ప్రేమకుమారి సంచి బల్ల మీద పెట్టింది.

ప్రశాంతి కుర్చీలోంచి లేచింది.